హార్టికల్చర్ చదవాలనుకుంటే: ఏ కోర్సు, ఏ క్యాంపస్, ఎందుకు

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాక బైపీసీ పిల్లల ఇళ్లలో ఏటా ఇదే చర్చ. ఎంబీబీఎస్ రాలేదు, అగ్రికల్చర్ బీఎస్సీకి ర్యాంకు సరిపోతుందో లేదో, పోనీ హార్టికల్చర్ పెడదామా అని. అలా మిగిలిన సీటు కింద చేరినవాళ్లలో కొందరు రెండో ఏడాదికల్లా ఆ చదువులో లీనమైపోతారు. ఇంకొందరు నాలుగేళ్లూ ఉసూరుమంటూ గడిపేస్తారు. మార్కులతో దీనికి పెద్దగా సంబంధం ఉండదు. చేరేముందు ఏం చూసుకున్నారు, దేనికోసం చేరారు అన్నదే తేడా తెస్తుంది.

నేలను, నీటిని పాడుచేయకుండా పండ్లు, కూరగాయలు, తోటపంటలు పండించడం నేర్చుకోవాలని నిజంగా అనుకుంటున్న పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిగ్రీ స్థాయిలో కోర్సు పేరులో సుస్థిర, ఆర్గానిక్ లాంటి మాటల కోసం వెతకొద్దు. ప్రభుత్వ యూనివర్సిటీలో మామూలు బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ తీసుకోండి. మీరు పనిచేయాలనుకునే పంటకు దగ్గరగా ఉన్న క్యాంపస్ ఎంచుకోండి. మిగతావి ఆ పునాది మీద కట్టుకోవచ్చు.

హార్టికల్చరా, అగ్రికల్చరా

అందరూ మొదట అడిగేది ఇదే. ఉద్యోగాల లెక్క ఒక్కటే చూస్తే అగ్రికల్చర్‌దే పైచేయి. వ్యవసాయ శాఖ పెద్దది, విత్తనాలు, ఎరువుల కంపెనీలు ఎక్కువ, నోటిఫికేషన్లలో పోస్టులూ ఎక్కువే. ఉద్యాన శాఖ చిన్నది. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ హార్టికల్చర్ ఆఫీసర్ల కోసం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్నవి 22 పోస్టులే. ఆంధ్రలో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు విలేజ్ హార్టికల్చర్ అసిస్టెంట్ అనే కొత్త పోస్టు పుట్టి చాలామందికి ఒకేసారి దారి దొరికింది. అలాంటి అవకాశం ఏటా రాదు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు మాత్రం రెండు డిగ్రీలవాళ్లూ అర్హులే, ఐబీపీఎస్ పరీక్ష రాయొచ్చు. ఇంకో సంగతి. అగ్రికల్చర్ చదివినవాళ్లు పీజీలో హార్టికల్చర్ వైపు రావడానికి దారి ఉంది. హార్టికల్చర్ చదివి అగ్రానమీ (పొలం పంటల సాగు శాస్త్రం) లాంటి సబ్జెక్టుకు వెళ్లడం అంత తేలిక కాదు.

ఇవన్నీ తెలిసీ హార్టికల్చర్ వైపే మొగ్గుతాను. ఎందుకంటే నేలకూ నీటికీ జరుగుతున్న నష్టం తోటపంటల్లోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, దాన్ని సరిదిద్దే అవకాశమూ అక్కడే ఎక్కువ.

2021-22 మిర్చి సీజన్ గుర్తుందా? గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ చేలల్లో నల్ల తామర పురుగు పూతలో దూరింది. అంతకుముందు మన మిర్చికి తెలిసిన తామర పురుగులు ఆకుల మీద ఉండేవి. బయటి దేశాల నుంచి వచ్చిన ఈ జాతి పువ్వునే పట్టుకుంది. పూత రాలింది, కాయ వంకర్లు తిరిగింది. రైతులు రెండు మూడు మందులు కలిపి, రెండు రోజులకోసారి కొట్టారు. పురుగు చావలేదు కానీ దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. శాస్త్రవేత్తలు నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, నత్రజని తగ్గించమన్నారు, వేపనూనె వాడమన్నారు. ఆ సలహా అప్పటికే అప్పు తెచ్చి మందులు కొన్న రైతు చెవికి ఎక్కాలంటే చెప్పేవాడికి పురుగు జీవితచక్రం తెలియాలి, ఆ రైతు లెక్కలూ తెలియాలి. హార్టికల్చర్ డిగ్రీ నేర్పాల్సింది అదే.

పండ్లతోటల్లో ఇంకో బాధ్యత ఉంది. వరిలో ఈ ఏడాది తప్పుచేస్తే వచ్చే ఏడాది దిద్దుకోవచ్చు. మామిడి మొక్క దశాబ్దాలు నిలబడే చెట్టు. నాటేటప్పుడు అంటు సరైనది కాకపోయినా, కింద గట్టి పొర ఉన్న నేలలో పెట్టినా, బోరు నీళ్లలో ఉప్పు ఎంతో చూడకపోయినా ఆ ఫలితం రైతు జీవితాంతం మోస్తాడు. అనంతపురం వైపు చీనీ తోటలు, నల్గొండ వైపు బత్తాయి తోటలు బోర్లు ఎండిపోయి నరికేయాల్సి వచ్చిన సందర్భాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని చెట్లకు ఎంత నీరు సరిపోతుందో నాటకముందే లెక్కకట్టి చెప్పగల మనిషి ఆ ఊళ్లో ఉండి ఉంటే బాగుండేది కదా. ఈ పని మీద మీకు మనసుంటే హార్టికల్చర్ తీసుకోండి. ఎలాగైనా ప్రభుత్వోద్యోగం కొట్టాలన్నదే లక్ష్యమైతే, ర్యాంకు వస్తే అగ్రికల్చర్‌లో చేరడమే మంచిది. అందులో తప్పేమీ లేదు.

ఏ క్యాంపస్: పంటను చూసి నిర్ణయించండి

మన రెండు రాష్ట్రాలకూ విడివిడిగా ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఆంధ్రలో 2007లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం తాడేపల్లిగూడెం దగ్గరి వెంకటరామన్నగూడెంలో ఉంది. తెలంగాణలో 2014లో వచ్చిన శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. పాఠ్యప్రణాళిక ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ఇచ్చిందే కాబట్టి తరగతి గదిలో చెప్పేది దాదాపు ఒకటే. తేడా గది బయట ఉంటుంది.

వెంకటరామన్నగూడెం చుట్టూ కొబ్బరి, కోకో, అరటి, ఆయిల్ పామ్. పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ, కొవ్వూరులో అరటి పరిశోధన, కోనసీమలో అంబాజీపేట కొబ్బరి కేంద్రం, కాస్త దూరంలో కడియం నర్సరీలు. డెల్టా పంటలు, నర్సరీ వ్యాపారం, కొబ్బరిలో అంతరపంటలు నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు మన దగ్గర లేదు.

అంబాజీపేట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో కనిపించింది, ఆ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరినీ ఆయిల్ పామ్‌నూ పట్టింది. ఆకు కింద తెల్లటి చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అది కార్చే తేనెలాంటి జిగురు కింది ఆకుల మీద పడి, దానిమీద మసి తెగులు పెరిగి తోట మొత్తం నల్లగా కనిపిస్తుంది. అరవై అడుగుల చెట్టుకు మందు ఎవరు కొడతారు? కొట్టినా మిత్ర పురుగులే ముందు పోతాయి. అందుకని ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి చల్లడం, ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవిని కాపాడటం మీద అంబాజీపేటలో పని జరిగింది. ఆకు తిప్పి చూస్తే బతికున్న తెల్లదోమ పిల్లలు లేత రంగులో ఉంటాయి. ఎన్‌కార్సియా గుడ్డు పెట్టినవి నల్లబడతాయి. పరాన్నజీవి బయటికి వచ్చేసిన వాటి వీపు మీద గుండ్రటి చిల్లు ఉంటుంది. నల్లవి, చిల్లుపడినవి ఎక్కువగా ఉంటే ఆ తోటలో మందు కొట్టకుండా ఆగడమే సరైన వైద్యం. లెన్స్ పట్టుకుని ఈ లెక్క ఒక్కసారి సొంతంగా చేసిన విద్యార్థి జీవ నియంత్రణ అంటే ఏమిటో ఇక మర్చిపోడు. ఇలాంటి ప్రయోగశాల బస్సులో వెళ్లి వచ్చేంత దూరంలో ఉండటం నా లెక్కలో హాస్టల్ గదుల కంటే విలువైనది.

రైల్వే కోడూరు దగ్గరి అనంతరాజుపేట కళాశాల ప్రపంచం వేరు. మామిడి, అరటి, బొప్పాయి, చీనీ, నిమ్మ. నీరు బోరుదే, డ్రిప్ లేకుండా తోట లేదు. ఆంధ్రలో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైంది. రెండు దశాబ్దాల డ్రిప్ అనుభవం రాయలసీమ రైతుల చేతుల్లో ఉంది. డ్రిప్ ఎమిటర్లలో (నీరు చుక్కలుగా కారే చోట) సున్నం పేరుకుంటే యాసిడ్ ఎలా పెట్టాలి, ఏ వయసు చెట్టుకు ఎన్ని డ్రిప్పర్లు, మల్చింగ్ వేస్తే ఎంత తడి మిగులుతుంది అన్నవి అక్కడి రైతుల నోట వినాలి. వాతావరణ మార్పుల మధ్య, నీళ్లు తక్కువున్న చోట తోటలను నిలబెట్టడం మీ ఆసక్తి అయితే నేను దీన్నే ముందు పెడతాను, వెంకటరామన్నగూడెం కంటే కూడా.

పార్వతీపురం కొండ ప్రాంతపు కళాశాల. జీడిమామిడి, పసుపు, అనాస, గిరిజనుల పోడు పొలాలు చుట్టూ ఉంటాయి. రసాయనాలు ఇంకా పెద్దగా చేరని పొలాల్లో నేల ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికే వెళ్లాలి. ప్రకాశం జిల్లా చినలాటరపి కళాశాల మెట్ట ప్రాంతానికి చెందినది.

తెలంగాణలో, హైదరాబాద్ రాజేంద్రనగర్ కళాశాలకు ఉన్న బలం ఇరుగుపొరుగు. వ్యవసాయ విశ్వవిద్యాలయం, మేనేజ్ (వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ), నార్మ్ (వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ), ద్రాక్ష పరిశోధన కేంద్రం అన్నీ అక్కడే. వాటిలో నేను ముందు చెప్పేది ఎన్‌ఐపీహెచ్‌ఎం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. ట్రైకోడెర్మా, బవేరియా లాంటి జీవ నియంత్రకాలను రైతు స్థాయిలోనే తయారుచేయడం, పొలంలో మిత్ర పురుగులు, శత్రు పురుగుల లెక్క చూసి నిర్ణయం తీసుకోవడం వంటి వాటిలో ఆ సంస్థ శిక్షణలు ఇస్తుంది. రాజేంద్రనగర్‌లో నాలుగేళ్లు ఉండి ఆ గేటు లోపలికి ఒక్కసారీ వెళ్లని విద్యార్థులు ఉన్నారు. మీరు అలా చేయకండి.

వనపర్తి జిల్లా మోజెర్ల, మహబూబాబాద్ జిల్లా మల్యాల కళాశాలలు ఊళ్లకు దగ్గర. మల్యాల మిర్చి ప్రాంతం నడిబొడ్డున ఉంది, అక్కడ పరిశోధన కేంద్రమూ ఉంది. మిర్చిలో పురుగుమందుల అవశేషాలు తగ్గించడం మీద పనిచేయాలనుకునే పిల్లలకు హైదరాబాద్ కంటే మల్యాల నయం. హైదరాబాద్ అంటే మోజు ఉండటం సహజమే. కానీ పంట నగరంలో ఉండదు.

చివరి ఏడాదిని చూసి కాలేజీ బేరీజు వేయండి

నాలుగో ఏడాదిలో ఒక భాగం రైతుల దగ్గర పని అనుభవం, ఇంకో భాగం అనుభవాత్మక అభ్యాసం. మొదటిదాంట్లో పిల్లలు పల్లెల్లో ఉండి రైతుతో పాటు పని చేయాలి. రెండోదాంట్లో నర్సరీ, పాలీహౌస్ సాగు, పూల సాగు, పండ్ల నిల్వ ఉత్పత్తులు లాంటి ఏదో ఒక యూనిట్‌ను విద్యార్థులే నడపాలి, పెట్టుబడి, అమ్మకం, లాభనష్టాల లెక్క రాయాలి. కాగితం మీద అన్ని కాలేజీల్లో ఇది ఒకేలా ఉంటుంది. చేసే తీరులో భూమికీ ఆకాశానికీ తేడా.

కౌన్సెలింగ్‌కు ముందు వీలైతే ఒకసారి క్యాంపస్‌కు వెళ్లి రండి. ప్రిన్సిపాల్ గదికి వెళ్లక్కర్లేదు. చివరి ఏడాది పిల్లలను కలవండి. ఏ ఊళ్లో ఉన్నారు, నిజంగా ఉన్నారా లేక వారానికోసారి వెళ్లి ఫొటో దిగి వచ్చారా? నర్సరీలో పెంచిన మొక్కలు ఎవరు కొన్నారు, ఎంతకు? యూనివర్సిటీ తోటలో అంట్లకు కొమ్మలు కోసే తల్లి చెట్లు ఎక్కడున్నాయి, వాటి రికార్డు ఉందా? కంపోస్ట్ షెడ్‌లో కంపోస్ట్ ఉందా, పాత కుర్చీలు ఉన్నాయా? జీవ నియంత్రకాల ల్యాబ్‌లోకి డిగ్రీ పిల్లలను రానిస్తారా? ఆ సమాధానాలు ఏ ర్యాంకింగ్ పట్టికలోనూ దొరకవు.

పదో తరగతి తర్వాత డిప్లొమా

రెండేళ్ల డిప్లొమా ఇన్ హార్టికల్చర్‌ను చాలామంది తక్కువ చేసి చూస్తారు. ఇంట్లో తోట ఉండి, ఇంటర్‌లో రెండేళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ బట్టీపట్టే ఓపిక లేని పిల్లవాడికి ఇది నిజంగా మంచి దారి. పదో తరగతి అవగానే చేరొచ్చు. తెలంగాణలో పాలిసెట్ ర్యాంకుతో సీట్లు ఇస్తారు. విలేజ్ హార్టికల్చర్ అసిస్టెంట్ పోస్టులకు డిప్లొమా వాళ్లూ అర్హులయ్యారు. ఆంధ్రలో హార్టీసెట్ రాసి డిప్లొమా నుంచి బీఎస్సీలోకి వెళ్లవచ్చు. అయితే ఆ దారి ఇరుకు, సీట్లు తక్కువ. డిగ్రీ తప్పనిసరిగా చేయాలని ముందే అనుకుంటే ఇంటర్ బైపీసీ మీదుగా రావడమే భద్రం. సొంత తోట, నర్సరీ చూసుకుంటాను అంటే డిప్లొమా చాలు, డిగ్రీ చేసేవాళ్ల కంటే నాలుగేళ్లు ముందుగా పొలంలో ఉంటారు.

ప్రైవేటు సీటు

ర్యాంకు రాకపోతే ప్రైవేటు యూనివర్సిటీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆ టెన్షన్‌లో డబ్బు కట్టేయకండి. ముందు అడగాల్సిన ప్రశ్న: ఈ కోర్సుకు, ఈ క్యాంపస్‌కు ఐసీఏఆర్ అక్రిడిటేషన్ ఉందా, ఎప్పటివరకు ఉంది? దాని మీద రేపటి పీజీ ప్రవేశాలు, ఉద్యోగ నోటిఫికేషన్ల అర్హత ఆధారపడతాయి. యూజీసీ గుర్తింపు ఉందని చెప్పి మాట దాటేస్తే అక్కడికి వెళ్లొద్దు. రెండో ప్రశ్న కూడా అడగండి, ఎన్ని ఎకరాల పొలం ఉంది, అందులో నీళ్లున్నాయా అని. భవనాలు చూపించి పొలం చూపించని చోట హార్టికల్చర్ రాదు. ఉద్యాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కళాశాలలు కొంత మేలు, సిలబస్, పరీక్షలు యూనివర్సిటీవే కాబట్టి.

వేరే రాష్ట్రానికి వెళ్లాలా

వ్యవసాయ, ఉద్యాన యూనివర్సిటీల్లో కొంత వాటా సీట్లను సీయూఈటీ (జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ద్వారా ఐసీఏఆర్ దేశమంతటి పిల్లలతో నింపుతుంది. దీనికి దరఖాస్తు ఏడాది మొదట్లోనే పెట్టాలి. మన పిల్లలు ఈఏపీసెట్ గొడవలో పడి దీన్ని ఏటా వదిలేస్తున్నారు. ఈ కోటాలో వేరే రాష్ట్రంలో చేరినవాళ్లకు నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ కూడా ఉంది.

ఎక్కడికి? పంటల పరంగా మనకు దగ్గరివి కర్ణాటకలోని బాగల్‌కోట్ ఉద్యాన విశ్వవిద్యాలయం, కోయంబత్తూరు కేంద్రంగా ఉన్న తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం. బాగల్‌కోట్‌ది మన రాయలసీమ లాంటి మెట్ట వాతావరణం. ద్రాక్ష, దానిమ్మ బాగా నేర్చుకోవచ్చు. హిమాచల్‌లో సోలన్ దగ్గర ఉన్న డాక్టర్ వైఎస్ పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం 1985 నుంచి ఉంది, పేరున్నది. ఆ రాష్ట్రం 2018 నుంచి ప్రకృతి సేద్యాన్ని పథకంగా నడుపుతోంది కూడా. మన వైఎస్సార్ యూనివర్సిటీ పేరుతో పోలి ఉండటం వల్ల దరఖాస్తుల్లో పొరపాటు పడకండి. సోలన్‌లో చదువు గొప్పగా ఉండొచ్చు, కానీ నాలుగేళ్లూ చుట్టూ ఉండేది ఆపిల్, పియర్, కివీ. తిరిగొచ్చి ఇక్కడ పనిచేయాలంటే మామిడి, మిర్చి మళ్లీ మొదటినుంచి చూడాలి. డిగ్రీకి కాకుండా పీజీకి సోలన్ బాగుంటుందని నా ఉద్దేశం.

ప్రకృతి సేద్యం: కోర్సుగానా, అనుభవంగానా

ఇప్పుడు కొన్ని చోట్ల ప్రకృతి వ్యవసాయం పేరుతోనే డిగ్రీలు మొదలవుతున్నాయి. ఆశయం మంచిదే. కానీ డిగ్రీ పేరు నోటిఫికేషన్‌లో ఉన్న పేరుతో సరిపోకపోతే అర్హత దగ్గర చిక్కు వస్తుంది. కొత్త పేరున్న డిగ్రీలో మొదటి బ్యాచ్‌గా చేరేముందు నాలుగుసార్లు ఆలోచించండి.

ఈ విషయంలో ఆంధ్రకు ఉన్న అవకాశం దేశంలో ఇంకెక్కడా లేదు. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని లక్షల మంది రైతుల దగ్గరికి తీసుకెళ్లింది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ మానవాళి బహుమతి వచ్చింది. మన నేల శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టుకు చెందిన సెకెం సంస్థ దాన్ని పంచుకున్నారు. పులివెందులలో ఇండో జర్మన్ అకాడమీ కూడా వచ్చింది. వ్యవసాయ, ఉద్యాన పట్టభద్రులను నేచురల్ ఫార్మింగ్ ఫెలోలుగా పల్లెల్లో పెట్టిన చరిత్ర ఈ కార్యక్రమానికి ఉంది. కాబట్టి బీఎస్సీ హార్టికల్చర్ చదువుతూ సెలవుల్లో ఈ రైతుల దగ్గర ఒక సీజన్ గడపడం విడిగా ఒక డిగ్రీ చేయడం కంటే ఎక్కువ ఇస్తుంది.

అక్కడికి వెళ్లినప్పుడు భక్తుడిలా వెళ్లకండి, విమర్శకుడిలా కూడా వెళ్లకండి. ద్రవజీవామృతం తయారీ చూస్తారు: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నవధాన్యాలను వానలకు ముందే పొడి నేలలో చల్లడం చూస్తారు. మీరు కాలేజీలో నేర్చుకున్న నేల శాస్త్రంతో ఆ పొలంలో సేంద్రియ కర్బనం కొలవండి, పక్క పొలంలోదీ కొలవండి. నేల ఎంత నీరు పీలుస్తోందో చూడండి. దిగుబడి, ఖర్చు రాసుకోండి. రైతు చెప్పినదీ మీరు కొలిచినదీ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ కలవడం లేదు అన్నది మీ పీజీ పరిశోధనకు మొదటి ప్రశ్న అవుతుంది.

ఉద్యోగం చేస్తూనో, ఇంటి దగ్గర తోట చూసుకుంటూనో నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇగ్నోలో ఆరు నెలల సేంద్రియ వ్యవసాయ సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఉద్యోగం తెచ్చేది కాదు, తెలుసుకోవడానికి మంచిది.

పీజీ, విదేశాలు

సుస్థిరత అన్న మాటకు అసలు అర్థం పీజీలో వస్తుంది. చాలామంది ఫ్రూట్ సైన్స్, వెజిటబుల్ సైన్స్ తీసుకుంటారు. ర్యాంకు బాగుంటే అదే గొప్ప అనుకుంటారు. మీ మనసు మందులు తగ్గించడం మీద ఉంటే ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం), నేల మీద ఉంటే సాయిల్ సైన్స్, పండిన పంట పాడవకుండా చూడటం మీద ఉంటే పోస్ట్ హార్వెస్ట్ తీసుకోండి. పండిన టమాటా రోడ్డు మీద పారబోయడం కంటే పెద్ద వృథా ఏముంది? దానికి వాడిన నీరు, ఎరువు, కూలీ మొత్తం మట్టిపాలే. అయినా పోస్ట్ హార్వెస్ట్‌ను మన పిల్లలు చివరి ఆప్షన్‌గా పెడతారు. ఐసీఏఆర్ జేఆర్ఎఫ్ (పీజీకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే బెంగళూరు హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ), ఢిల్లీ ఐఏఆర్ఐ (భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ) వాతావరణం దొరుకుతుంది.

డిగ్రీకే విదేశాలకు పంపాలా అని అడిగే తల్లిదండ్రులకు వద్దనే చెబుతాను. మన పంటలు, మన నేలలు తెలియని వయసులో గ్రీన్‌హౌస్ టమాటా నేర్చుకుని వస్తే ఇక్కడ పని దొరకడం కష్టం. ఎంఎస్సీకైతే వెళ్లొచ్చు. నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్‌ది గ్రీన్‌హౌస్ సాగులో ప్రపంచంలో ముందు వరుస. మనవాళ్లకు ఏడాది ఫీజు 20 వేల యూరోల చుట్టూ ఉంటుంది, స్కాలర్‌షిప్ లేకుండా అప్పుతో వెళ్లడం బరువే. జర్మనీలో గ్యోటింగెన్, కాసెల్ యూనివర్సిటీలు కలిపి నడిపే సస్టైనబుల్ ఇంటర్నేషనల్ అగ్రికల్చర్ ఎంఎస్సీ మన ఉష్ణమండల పంటల వైపు చూసే కోర్సు. కాసెల్ వాళ్ల విట్సెన్‌హాసెన్ క్యాంపస్ సేంద్రియ వ్యవసాయానికే పేరుబడింది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు చాలా తక్కువ, ఖర్చంతా ఉండటానికి, తినడానికే. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవని ధ్రువీకరించేది) తప్పనిసరి, దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఆఖరి సెమిస్టర్‌లోనే పని మొదలుపెట్టండి. అమెరికా వెళ్లాలంటే ముందు ప్రొఫెసర్లకు మెయిల్ రాసి, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికితేనే వెళ్లండి. దాంతో ఫీజు మాఫీ అవుతుంది, నెలకు కొంత చేతికి వస్తుంది. అసిస్టెంట్‌షిప్ లేకుండా 40 లక్షల అప్పు చేసి హార్టికల్చర్ ఎంఎస్‌కు వెళ్లడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇక్కడే ఉండి సొంతంగా ఏదైనా పెట్టాలనుకునేవాళ్లకు మేనేజ్ ద్వారా నడిచే అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం 2002 నుంచి ఉంది. 45 రోజుల ఉచిత శిక్షణ, తర్వాత బ్యాంకు రుణం. సబ్సిడీ మామూలుగా 36 శాతం, మహిళలకూ ఎస్సీ ఎస్టీలకూ 44 శాతం. నర్సరీ, జీవ ఎరువుల యూనిట్, నేల పరీక్షల ల్యాబ్ దీని కింద పెట్టొచ్చు. డిప్లొమా చదివినవాళ్లకూ అవకాశం ఉంది.

ఇప్పుడు కౌన్సెలింగ్ ముంగిట ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సినది ఒకటుంది. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చినంత మాత్రాన హార్టికల్చర్ సీటుకు దరఖాస్తు పెట్టినట్టు కాదు. యూనివర్సిటీ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి మళ్లీ అప్లై చేయాలి. రైతు కోటా కింద అడగాలంటే భూమి పత్రాలు, పల్లెలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు కావాలి. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తాతగారి మీదే ఉండిపోతే ఆ సంగతి తహసీల్దారు ఆఫీసులో ఇప్పుడే తేల్చుకోండి, కౌన్సెలింగ్ రోజు కాదు.